అమ్మ గ్రహణం చూసిన సాయంత్రం

మా బాపు పోయిన తర్వాత ఆ వేసవంతా, వానలు మొదలయ్యాక కూడా, అమ్మ పగటిపూట గడప దాటలేదు. కూరగాయలు కావాలన్నా, పిండి పట్టించాలన్నా పొద్దు గూకాకే బయలుదేరేది. తూర్పు వైపు కిటికీకి పాత దుప్పటి ఒకటి మేకులతో కొట్టింది. దండెం మీద బట్టలు నేనే ఆరేయాలి, నేనే తీయాలి. ఎవరైనా అడిగితే "ఎండ పడ్తలేదు" అని ఒక్క మాట చెప్పి ఊరుకునేది. ఎండ ఒంటికి పడడం లేదేమోనని వాళ్లు అనుకునేవాళ్లు. ఇద్దరు మనుషులకు పడకపోవడం ఉంటుంది చూడండి, అమ్మ చెప్పింది అదని నాకు తెలుసు.

బోరబండలో మాది రేకుల ఇల్లు, రెండు గదుల కిరాయి. బాపు దగ్గర్లోనే ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాడు. నేను కంప్యూటర్ కోర్సు చేసి, ఆ ఏడాది మొదట్లో మాదాపూర్ గుట్టల మధ్య కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఉద్యోగంలో చేరాను. రెండువేల సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములు తేదీలు తప్పుగా చదువుతాయని అందరూ భయపడుతున్న కాలం అది. ఏడాదిని రెండు అంకెల్లో రాసిన చోటల్లా నాలుగు అంకెలు చేయడం మా పని. వెతకడం, మార్చడం, సరిచూడడం. మళ్లీ వెతకడం.

లోపల ఎప్పుడూ ఒకే చలి, ఒకే వెలుతురు. అద్దాలకు ముదురు రంగు పూత ఉండడం వల్ల మిట్టమధ్యాహ్నం కూడా బయటంతా మసక సాయంత్రంలా కనిపించేది. ఆ చలికి నేను శాలువా తీసుకుపోయేదాన్ని. మే నెలలో శాలువా మడిచి సంచిలో పెట్టుకుంటుంటే బాపు నవ్వాడు.

"గీ ఎండల శాలువా ఎందుకని బస్సుల ఎవ్వరు అడుగరా బిడ్డా?"

"సంచిలోనే ఉంటది గదా బాపు. లోపలికి పోయినంక తీస్త."

"మంచిగుంది. వాడు బయట నిప్పులు గక్కుతుంటే మీరు లోపట చలికాలం జేస్కున్నరన్నట్టు."

సూర్యుణ్ణి బాపు ఎప్పుడూ 'వాడు' అనే అనేవాడు, చిన్నప్పటి దోస్తును అన్నట్టు. బడికి గుమ్మడికాయ ఒకటి, చిటికెడు ఆవాలు తీసుకుపోయి, గుమ్మడికాయ వాడైతే ఆవగింజ మనం ఉన్న భూమి అని చెప్పేవాడు. ఆ పాఠమైపోయాక గుమ్మడికాయ ఇంటికి తిరిగొచ్చేది, అమ్మ దాంతో పులుసు పెట్టేది. అమ్మకు మాత్రం సూర్యుడు సూర్యనారాయణస్వామి. స్నానం కాగానే వాకిట్లోకి వచ్చి దండం పెట్టనిదే ఏ పనీ మొదలుపెట్టేది కాదు. రథసప్తమికి పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టేది. దాన్ని అందరికంటే ముందు తినేది బాపే. ఇద్దరూ సూర్యుడి మీద పోట్లాడుకోవడం మా ఇంట్లో మామూలు. అందులో ఎవరికీ కోపం ఉండేది కాదు, ఒక్కసారి తప్ప.

అప్పుడు నాకు ఐదేళ్లు. సూర్యగ్రహణం పడుతుందని ఊరంతా తలుపులు వేసుకుంది. అమ్మ నన్ను ఒళ్లో గట్టిగా పట్టుకుని గోడమూల కూర్చుంది. బాపు ఒక గాజు ముక్కకు లాంతరు మసి పట్టించి వాకిట్లోకి పోయాడు. కిటికీ రెక్కల సందులోంచి నాకు ఆయన వీపు కనిపించింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి మసకబారింది. కాకులు ఒక్కసారి అరిచి ఆగిపోయాయి. వీధి మొత్తం మీద బయట ఉన్నది బాపు ఒక్కడే.

"లోపటికి రా!" అని అమ్మ అరిచింది. "స్వామి బాధల ఉండంగ సూడొద్దు!"

బాపు తల తిప్పకుండానే జవాబు చెప్పాడు. "వానికి బాధేంది? వాని పని వాడు జేస్కుంటుండు."

ఆ తర్వాత చాలా రోజులు అమ్మ ఆయనతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే నాతో చెప్పించేది. అంతవరకే నాకు గుర్తుంది.

ప్రైవేటు బడుల్లో సార్లకు వేసవి సెలవులు పేరుకే. ఇల్లిల్లూ తిరిగి కొత్త పిల్లల్ని చేర్పించాలి. ఆ వేసవిలో కొత్తగూడ వైపు అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, కొత్త కుటుంబాలు దిగుతున్నాయి, అటు పోయి కరపత్రాలు పంచమన్నారు. బడి బస్సు పొద్దున దింపేది, సాయంత్రం ఎక్కించుకునేది. మధ్యలో అంతా నడకే. అమ్మ రోజూ ఆయన చొక్కా జేబులో ఒక ఉల్లిగడ్డ పెట్టేది, వడదెబ్బ తగలకుండా. ఉల్లిగడ్డకు ఎండను ఆపే శక్తి లేదని చెబుతూనే ఆయన దాన్ని జేబులో ఉంచుకునేవాడు. తడి దస్తీ తల మీద వేసుకునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఒక చెంబుడు నీళ్లు తాగి, ఏ ఇంట్లో పిల్లలు ఎంత తెలివైనవాళ్లో చెప్పేవాడు. అలిసిపోయానని ఎన్నడూ అనలేదు. అనడం ఆయనకు రాదు.

ఆ రోజు నేను శాలువా కప్పుకుని పని చేసుకుంటున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ వచ్చింది. బడి క్లర్కు మాట్లాడాడు. సారు కొత్తగూడలో ఒక అపార్ట్‌మెంట్ గోడ పక్కన కూలబడిపోయాడని, వాచ్‌మన్ భార్య నీళ్లు తాగించిందని, ఆటోలో దవాఖానకు తీసుకొచ్చారని చెప్పాడు. నేను ఫోన్ పెట్టేసి, తెరిచి ఉన్న ఫైలును సేవ్ చేశాను. అది గుర్తుంది. పక్క సీటావిడ నా మొహం చూసి లేచింది. ఆమెది భీమవరం వైపు, నాకంటే పదేళ్లు పెద్ద, ఇద్దరు పిల్లల తల్లి. "పదండి, నేనూ వస్తాను" అని నాతో కిందికి వచ్చి ఆటో ఎక్కించింది. అద్దాల తలుపు తీయగానే పొయ్యి మీద మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. శాలువా ఇంకా భుజాల మీదే ఉందని ఆటోలో సగం దూరం వెళ్లాక తెలిసింది.

దవాఖానలో బాపును తడి దుప్పటి మీద పడుకోబెట్టి ఫ్యాన్ వేశారు. ఒళ్లు కాలిపోతోంది, ఎక్కడా చెమట చుక్క లేదు. చెమట ఆగిపోవడమే ప్రమాదమని డాక్టరు నాకు చెప్పింది. నేను ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టాను. పొద్దుటి నుంచీ ఏసీలో ఉన్న చెయ్యి. ఆయన కళ్లు తెరవలేదు.

"సల్లగుంది బిడ్డా," అన్నాడు. "తియ్యకు."

నేను తీయలేదు. కాసేపటికి నా చెయ్యి కూడా ఆయన నుదురంత వేడెక్కింది. పక్కన పళ్లెంలో మంచుగడ్డలు ఉన్నాయి. వాటి మీద చేతులు ఆనించి మళ్లీ పెట్టాను. అప్పటికి ఆయనకు ఏమీ తెలియడం లేదు. అమ్మ వచ్చేసరికి మాట పోయింది. చీకటి పడేలోపు అంతా అయిపోయింది. నర్సు ఆయన జేబులోని పెన్ను, దస్తీ, ఉల్లిగడ్డ ఒక కవర్లో వేసి అమ్మ చేతికిచ్చింది.

మర్నాడు బడి పెద్దసారు పూలదండ తెచ్చాడు. నిజంగానే బాధపడ్డాడు. "ఎండకు ఎవరేం జేస్తం చెల్లే," అన్నాడు అమ్మతో. ఆ మాట విని అమ్మ తలెత్తి చూసింది. ఆయన్ని కాదు, వాకిట్లో పడుతున్న ఎండను.

నేను ఏడుస్తానని వచ్చినవాళ్లంతా ఎదురుచూశారు. నేనూ ఎదురుచూశాను. మా మేనత్త నన్ను కౌగిలించుకుని ఊపుతూ ఏడ్చింది. ఆమె భుజం మీద నుంచి నేను దండెం మీది క్లిప్పులు చూస్తూ ఉన్నాను. కాలు తిమ్మిరెక్కితే గిచ్చినా తెలియదే, లోపలంతా అలా ఉంది. నొప్పి ఎక్కడో ఉండే ఉంటుంది, నాదాకా రావడం లేదు.

దినాలు కాగానే ఆఫీసుకు పోయాను. పక్క సీటావిడ ఆశ్చర్యపోయింది.

"ఇంకో నాలుగు రోజులు ఉండాల్సిందండి. అమ్మగారు ఒక్కరే ఉంటారు కదా."

"ఇంట్లో వేడిగా ఉంటది," అన్నాను.

ఆమె తన డబ్బాలోని పులిహోర సగం నా మూత మీద పెట్టింది. పని మాత్రం బాగా సాగింది. రెండంకెలు కనిపిస్తే నాలుగు చేయడం, అంతే కదా. ఆ నెలలో నా పని చాలా శుభ్రంగా ఉందని మా మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. బయట ఎండో వానో తెలియని ఆ గదిలో కూర్చోవడం నాకు హాయిగా ఉండేది. హాయి అనకూడదేమో. ఏమీ అనిపించకపోవడాన్ని ఏమనాలో నాకు తెలియదు.

వానలు మొదలైన కొత్తలో ఒక సాయంత్రం నేను బట్టలు తీసి మడుస్తున్నాను. అమ్మ బియ్యం ఏరుతూ ఉన్నట్టుండి మాట్లాడింది.

"నీకు యాదికుందా, నువ్వు చిన్నగున్నప్పుడు గ్రహణం వట్టింది?"

"ఉంది."

"మీ బాపు సూసిండు. నేను వద్దన్న. ఎవరన్న బాధల ఉంటే తలుపు సందులకెల్లి సూస్తమా? సూడం. ఈయన సూసిండు. వాడు మనసుల వెట్టుకున్నడు."

అమ్మ సూర్యుణ్ణి 'వాడు' అనడం నేను వినడం అదే మొదటిసారి. బాపు అనే 'వాడు' కాదు ఇది.

"గన్ని ఏండ్లా?" అన్నాను.

"ఏండ్లు మనకు బిడ్డా. వానికేంది, గదొక పూట."

బాపు ఉంటే గుమ్మడికాయ తెచ్చి వాదించేవాడు. నాకు వాదించాలనిపించలేదు. చీర కొంగులు కలిపి మడత పెట్టి, "సరే" అన్నాను. అమ్మ మళ్లీ బియ్యంలోకి తల దించింది.

ఆగస్టులో గ్రహణం వార్త వచ్చింది. సాయంత్రం పూట, మనకు దాదాపు పూర్తిగా పడుతుందని పేపర్లలో రాశారు. ప్రళయం వస్తుందని కొందరు, అమెరికాలో కంప్యూటర్లు ఆగిపోతాయని కొందరు. చౌరస్తాల్లో వెండి కాగితం అతికించిన అట్ట కళ్లద్దాలు అమ్మారు. పక్క సీటావిడ తన పిల్లల కోసం కొని, మిగిలిన రెండు నాకు ఇచ్చింది.

"మీరు చూడరా?" అన్నాను.

"అమ్మో, నేనా? ఇంటికెళ్లి పచ్చడి జాడీల మీద దర్భలు వేసుకోవాలండి. పిల్లలకి సైన్సు, నాకు స్నానం," అని నవ్వింది.

అద్దాలు ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాను. వాటిని ఏం చేయాలని కూడా ఆలోచించలేదు. గ్రహణం రోజు పొద్దున టిఫిన్ డబ్బా సర్దుతూ అమ్మ అడిగింది.

"మీ ఆఫీసు ఎనుక గుట్టలున్నయంటివి గదా?"

"ఉన్నయి."

"ఆడికెల్లి మంచిగ కనవడ్తది. సాయంత్రం నేనొస్త."

"నువ్వా? గ్రహణంల బయటికొస్తవా?"

"వస్త," అంది అమ్మ. "సూస్త. వానికెట్లుంటదో జర నన్ను గూడ సూడనియ్."

కోపంగా చెప్పలేదు. మార్కెట్టుకు పోయొస్తా అన్నట్టు చెప్పింది. అద్దాలు సంచిలో వేసుకోమన్నాను. వేసుకుంది.

మధ్యాహ్నం దాటగానే ఆఫీసులో సగం మంది ఇళ్లకు పోయారు. మిగిలినవాళ్లు టెర్రస్ ఎక్కారు. నేను కిందికి దిగేసరికి అమ్మ గేటు బయట నిలబడి ఉంది, ముతక పాలరంగు చీరలో. మే నెల తర్వాత పగటి వెలుతురులో అమ్మను నేను బయట చూడడం అదే మొదటిసారి. ఇంత చిక్కిపోయిందని ఇంట్లో నాకు తెలియలేదు. ఖాళీ బస్సులో తానొక్కతే వచ్చానని, కండక్టరు కూడా తిట్టాడని చెప్పింది. గుండ్రటి భవనాన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"గిండ్ల కూసుంటవా?"

"ఆఁ. నాలుగో అంతస్తు."

"ఎండ రాదా లోపటికి?"

"రాదు."

"మంచిగుంది," అంది.

వెనక గుట్టల మీదికి నడిచాం. అప్పట్లో భవనం దాటగానే రాళ్లు, ముళ్లపొదలు, అక్కడక్కడా కానుగ చెట్లు. మాకంటే ముందే కొందరు కుర్ర ఉద్యోగులు కెమెరాలతో చేరారు. మేం వాళ్లకు దూరంగా ఒక కానుగ చెట్టు పక్కనున్న బండ మీద కూర్చున్నాం. పడమర నిండా మబ్బు. వాన రాదు, మబ్బు కదలదు. చాలాసేపు ఏమీ కనిపించలేదు. వెలుతురు మాత్రం మెల్లగా తగ్గుతూ వచ్చింది. సాయంత్రం తగ్గే వెలుతురు కాదది. పసుపుదనం లేకుండా, ఇత్తడి గిన్నె మీద కిలుము పట్టినట్టుంది. గాలి చల్లబడింది. గుట్ట కింద కొంగలు గుంపుగా చెరువు వైపు పోయాయి.

అంతలో మబ్బు కింది అంచు చీలింది. సూర్యుడు బయటపడ్డాడు, కొడవలిలా, అంత సన్నగా. కుర్రవాళ్లు కేకలు వేశారు. నేను అద్దాలు పెట్టుకున్నాను. అమ్మ కూడా పెట్టుకుంది. మరుక్షణం తీసేసి ఒళ్లో పెట్టుకుని, రెండు కళ్లూ పూర్తిగా తెరిచి అటే చూసింది.

"అమ్మా, పెట్టుకో."

"వద్దు."

"కండ్లు పోతయ్ అమ్మా."

"పోనియ్."

ఆ మాట అంటున్నప్పుడు కూడా అమ్మ చూపు తిప్పలేదు. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఏడుపు కాదు, వెలుతురు గుచ్చుకుని వచ్చే నీళ్లు. నేను నా అరచెయ్యి ఆమె కళ్ల మీద పెట్టాను. ఆమె నా మణికట్టు పట్టుకుని లాగింది. అమ్మకు అంత బలం ఉందని నాకు తెలియదు. బండ మీద ఇద్దరం పక్కకు ఒరిగాం. నా మోచెయ్యి రాయికి గీరుకుంది.

"తియ్ చెయ్యి!" అని అరిచింది. "ఆయన సూసిండు, ఆయన్ని తీస్కపోయిండు. నేను గూడ సూస్తున్న. నన్నేం జేస్తడో జెయ్యని!"

కుర్రవాళ్లు ఇటు తిరిగి చూశారు. ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. నేను రెండో చేత్తో అమ్మ తలను నా వైపు తిప్పుకుని, ఆమె మొహాన్ని నా ఛాతీకి అదిమి పట్టుకున్నాను. ఆమె కొట్టుకుంది, తిట్టింది. నన్ను, బాపును, వాణ్ణి, అందరినీ తిట్టింది. నేను వదల్లేదు. నాకు భయం వేసిందా, జాలి వేసిందా అంటే చెప్పలేను. పట్టుకోవాలి కాబట్టి పట్టుకున్నాను. కాసేపటికి ఆమె పట్టు సడలింది. మెల్లగా ఆమెను చెట్టు నీడలోకి జరిపి, సూర్యుడు ఎదురుగా పడకుండా పక్కకు తిప్పి కూర్చోబెట్టాను. ఇద్దరికీ ఆయాసం వచ్చింది.

అమ్మ కళ్లు నులుముకుంటూ కింద చూస్తోంది. కాళ్ల దగ్గరి బండ మీద, పడమటి వైపు వంగిన కానుగ కొమ్మ నీడ పడుతోంది. నీడ మధ్యలో వెలుతురు మచ్చలు ఉన్నాయి. మామూలుగా గుండ్రంగా ఉండేవి కాస్తా ఆ సాయంత్రం ఒక్కొక్కటీ గోటి ముక్కలా వంగి ఉన్నాయి. రాయి మీద, గడ్డి మీద, మా అమ్మ పాలరంగు చీర మీద కూడా, భుజం నుంచి ఒడిదాకా. కొమ్మ ఊగితే అన్నీ ఒకేసారి ఊగుతున్నాయి.

"ఏందివి?" అంది అమ్మ. గొంతు బొంగురుపోయింది.

"సూర్యుడు."

"గిన్నా?"

"ఒక్కడే. ఆకుల సందులకెల్లి వస్తుండు. ప్రతి సందుల వాని బొమ్మ వడ్తది. వాడెట్లుంటే గట్ల."

బాపు దగ్గర నేర్చుకున్నదే చెప్పాను. బాపు పేరు ఎత్తలేదు. అమ్మ ఒళ్లోని కొంగును రెండు చేతులతో విప్పి, బియ్యం పోయించుకునేటప్పుడు పట్టినట్టు చాచి పట్టింది. వంకర వెలుతురు ముక్కలు అందులో పడ్డాయి. వాటిని చాలాసేపు చూసింది. కుర్రవాళ్లలో ఒకడు మంచినీళ్ల సీసా తెచ్చి మా పక్కన పెట్టి పోయాడు.

ముక్కలు కొంచెం లావెక్కాయి. ఆ తర్వాత ఎర్రబడి, పలచబడి, చీర మీద నుంచి పోయాయి. తిరిగి చూస్తే సూర్యుడు సగం సగంగానే గుట్టల వెనక్కి దిగిపోయాడు.

"విడువకముందే గూకిండు," అంది అమ్మ. "ఇగ రేపు పొద్దుగల వాని మొకం సూసినంకనే తినాలె."

అది పద్ధతి. గ్రహణంతోనే సూర్యుడు అస్తమిస్తే, మర్నాడు శుద్ధబింబం చూసేదాకా ఏమీ ముట్టకూడదు. నేను అమ్మ మొహంలోకి చూశాను.

"వానితోని నీకు మాటల్లేవు గదా?"

"కోపం కోపమే. పద్ధతి పద్ధతే," అని లేచి చీర దులుపుకుంది.

ఇంటికొచ్చి ఇద్దరం కట్టుబట్టలతో నెత్తి మీద నీళ్లు పోసుకున్నాం. పొద్దున వండినదంతా అమ్మ బయట పారబోసింది. కుడి కన్ను ముందు ఒక మచ్చ కనిపిస్తోందని చెప్పింది. మూడు వారాలకు అది దానంతటదే పోయింది.

మర్నాడు లేచేసరికి ఆకాశమంతా మొగులు. ఎటు చూసినా ఒకే బూడిద రంగు. అమ్మ స్నానం చేసి వాకిట్లో పీట వేసుకుని తూర్పుకు తిరిగి కూర్చుంది. నేను పక్కన గడప మీద కూర్చున్నాను. ఆఫీసు బస్సు వేళ దాటిపోయింది. సందు చివర ఎస్టీడీ బూతుకు పోయి, ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసి వచ్చాను. అమ్మ అలాగే ఉంది.

ఎదురింటి ఆమె పళ్లు తోముకుంటూ అడిగింది. "ఏమాయె వదినా, ఇంకా తినలేదా? అయిపోయిందని టీవీల జెప్పిండ్రు గదా."

"కనవడలే," అంది అమ్మ.

"గీ మొగుల్ల యాడ కనవడ్తడు? దండం వెట్టి తినుండ్రి."

"వచ్చినంక తింటం."

మధ్యాహ్నం కావస్తోంది. ఎదురింట్లో పోపు వేశారు. ఇంగువ వాసన సందంతా కమ్మేసింది. నా కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. మొదట అదేమిటో తెలియలేదు. మోకాళ్లు కడుపుకు నొక్కుకుని కూర్చున్నాను. నోట్లో నీళ్లూరాయి. ఆకలి. మే నెల నుంచీ వేళకు తింటున్నాను గానీ ఆకలేసి తిన్నది లేదు. ఆకలి ఇంత నొప్పిగా ఉంటుందని మర్చిపోయాను.

"అమ్మా, ఆకలైతుంది," అన్నాను.

అమ్మ నా వైపు తిరిగింది. నా మొహం కాసేపు చూసి, "ఆగు బిడ్డా, వస్తడు," అంది. ఆ మాట ఎప్పుడూ బాపు గురించి అనేది, ఆయన బడి నుంచి ఆలస్యమైతే.

మిట్టమధ్యాహ్నం దాటాక మబ్బు ఒకచోట పలచబడింది. దాని వెనక తెల్లటి గుండ్రటి బిళ్లలా సూర్యుడు కనిపించాడు. వేడి లేదు, మెరుపు లేదు. కంటికి ఏ కష్టమూ లేకుండా చూడగలిగినంత పాలిపోయి ఉన్నాడు. అమ్మ పీట మీద నుంచి లేచింది. దండం పెట్టలేదు, తిట్టనూ లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, చాలాకాలానికి కనిపించిన మనిషిని చూసినట్టు చూసింది.

"చిక్కిపోయిండు," అంది. "పా, అన్నం వెడ్త."

అప్పుడే పొయ్యి వెలిగించి అన్నం, పచ్చిపులుసు చేసింది. ఇద్దరం తిన్నాం. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను.

దాంతో అంతా సర్దుకుందని చెప్పను. అమ్మ సూర్యుణ్ణి క్షమించలేదు. ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా మా ఇంట్లో రథసప్తమి చేయలేదు. కానీ పగలు బయటికి రావడం మొదలుపెట్టింది. దసరా వెళ్లాక నిజాంపేటలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరి, గొడుగు పట్టుకుని రోజూ పోయొచ్చేది. ఎండాకాలంలో ఆ పిల్లలెవరైనా బయలుదేరితే నీళ్ల సీసా చేతికివ్వకుండా గేటు దాటనిచ్చేది కాదట. వాళ్లు విసుక్కునేవాళ్లని నాకు చెప్పి నవ్వేది.

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లేవీ ఆగిపోలేదు. మా పని అయిపోయిందని మమ్మల్ని వేరే పనుల్లోకి మార్చారు. నాకు ఈసారి కిటికీ పక్క సీటు ఇచ్చారు. రంగు అద్దంలోంచి మధ్యాహ్నాలు మసగ్గా కనిపించేవి. పక్క సీటావిడ పై అంతస్తుకు మారినా భోజనానికి కిందికి వచ్చేది. ఏడుపు ఎప్పుడు వచ్చిందని ఆమె ఒకసారి అడిగింది. ఇంకా రాలేదన్నాను. "వస్తుందిలెండి, తొందరేముంది," అని తన డబ్బా మూత తీసింది.